చదువుతుంటే భృతి లేదు, చదువు మానితే పట్టా లేదు

కుప్పం: మూడు రాష్ట్రాలు కలిసే మూల మనది. ఒక పక్క బస్సెక్కితే తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా, ఇంకో పక్క ఎక్కితే కర్ణాటకలోని కోలారు జిల్లా. ఆ రెండు చోట్లా తెలుగు మాట్లాడే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. మన వాళ్ళకు అటు పిల్లనిచ్చిన వాళ్ళున్నారు, అటు నుంచి తెచ్చుకున్న వాళ్ళున్నారు. పండక్కో పెళ్లికో అందరూ ఒక చోట చేరినప్పుడు వానల సంగతి, టమోటా ధర సంగతి అయిపోయాక మాట పిల్లల మీదికి మళ్లుతుంది. మీ వాడు ఏం చేస్తున్నాడు? డిగ్రీ చదువుతున్నాడు. ఉద్యోగం? లేదు. మరి గవర్నమెంటు ఏమైనా ఇస్తుందా?

ఈ ఒక్క ప్రశ్నకు మూడు ఇళ్లలో మూడు జవాబులు వస్తాయి. ఒకే వయసు, ఒకే చదువు, ఒకే పేదరికం అయినా జవాబు మాత్రం ఒకటి కాదు. అందులోనూ డిగ్రీ ఇంకా చేతికి రాని పిల్లల విషయంలో తేడా మరీ ఎక్కువ.

ఇలాంటి పిల్లలు మన పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. ఇంటరు పాసైన వెంటనే డిగ్రీలో చేరతారు. తండ్రి గ్రానైటు క్వారీలోనో, కూలికో పోతాడు. తల్లి రెండు ఆవులు పెట్టుకుని పాలు పోస్తుంది. రెండో సంవత్సరానికి ఇంట్లో ఇబ్బంది మొదలవుతుంది. కుర్రవాడు తెల్లవారుజామున సద్ది కట్టుకుని బెంగుళూరు రైలెక్కుతాడు. కొన్నాళ్లు ఏదో కంపెనీలో పని, కొన్నాళ్లు కాలేజీ. హాజరు తగ్గుతుంది, రెండు సబ్జెక్టులు పోతాయి. చివరి సంవత్సరం ఎలాగైనా గట్టెక్కాలని పని మానేసి పుస్తకం పట్టుకుంటాడు. ఆ ఆరు నెలలో, ఏడాదో ఇల్లు గడవడం ఎలా? భృతి అనే మాట వినగానే ఆ తల్లిదండ్రులు చెవి ఒగ్గేది అందుకే.

మన రాష్ట్రంలో జరిగింది

ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న ముఖ్యమంత్రి యువనేస్తం పేరుతో నిరుద్యోగ భృతి మొదలైంది. నెలకు వెయ్యి రూపాయలు. 2019 ఎన్నికల ముందు దాన్ని రెండు వేలు చేస్తూ నిర్ణయం తీసుకున్నారు. వయసు 22 నుంచి 35 లోపు ఉండాలి. డిగ్రీ గానీ డిప్లొమా గానీ పాసై ఉండాలి. ఇంట్లో తెల్ల రేషను కార్డుండాలి, నాలుగు చక్రాల వాహనం ఉండరాదు. కాలేజీలో చదువుతున్న వారు అర్హులు కారు.

కాగితం మీద చూస్తే ఇందులో తప్పు పట్టడానికేమీ కనబడదు. కానీ పల్లె పిల్లవాడి లెక్క వేసి చూడండి. పదిహేనేళ్లకు పదో తరగతి, పదిహేడుకు ఇంటరు, ఎక్కడా ఆగకుండా పోతే ఇరవైకి డిగ్రీ. పట్టా చేతికొచ్చిన తర్వాత కూడా 22 నిండేదాకా రెండేళ్లు ఊరికే కూర్చోవాలి. ఆ రెండేళ్లు వృథా ఎందుకని ఎం.ఏ.లోనో బి.ఇడి.లోనో చేరితే విద్యార్థి అయిపోతాడు, భృతి పోతుంది. సబ్జెక్టులు తప్పిన వాడి గతి ఇంకా అన్యాయం. మూడేళ్లు అయిపోయాయి కనుక కాలేజీ వాడిని తమ విద్యార్థి అనదు. పాసు కాలేదు కనుక ప్రభుత్వం వాడిని పట్టభద్రుడు అనదు. దరఖాస్తు పెట్టే కంప్యూటరు కేంద్రంలో అడిగే గడుల్లో వాడికి సరిపోయే గడి ఒక్కటీ ఉండదు.

ఏమైతేనేం, 2019లో ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం చదువుతున్న వాళ్ళకు వేరే దారిలో డబ్బిచ్చింది. 2020లో మొదలైన జగనన్న వసతి దీవెన కింద డిగ్రీ విద్యార్థులకు తిండి, వసతి ఖర్చుకు ఏడాదికి 20 వేల రూపాయలు రెండు విడతలుగా తల్లి ఖాతాలో వేసేలా ఏర్పాటు చేశారు. దూరవిద్యలో చదివే వాళ్ళను ఇందులోంచి మినహాయించారు. అంటే పగలు పనిచేసి రాత్రి చదువుకునే వాడు ముందు పథకంలో పాసు కాలేదని బయటికి పోయాడు, వెనక పథకంలో కాలేజీకి పోలేదని బయటికి పోయాడు. 2024 ఎన్నికల్లో తెలుగుదేశం కూటమి నెలకు మూడు వేల భృతి ఇస్తామని హామీ ఇచ్చింది. ఆ మాట విన్న రోజు నుంచీ మన పల్లెల్లో రచ్చబండ దగ్గర ఇదే చర్చ.

కోలారు వైపు బంధువులకు

కర్ణాటకలో యువనిధి పథకానికి 2023 డిసెంబరు 26న దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. 2024 జనవరి 12న శివమొగ్గలో మొదటి విడత డబ్బు వేశారు. డిగ్రీ వారికి నెలకు మూడు వేలు, డిప్లొమా వారికి పదిహేను వందలు. ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు ఇస్తారు. ఈలోగా ఉద్యోగం దొరికితే ఆగిపోతుంది. మొదట 2022-23లో పాసైన వారితో ప్రారంభించారు.

రెండేళ్లూ పూర్తిగా అందితే 72 వేలు. మన లెక్కల్లో అది చిన్న మొత్తం కాదు. కాని షరతు గట్టిది. పాసైన తర్వాత ఆరు నెలలు, అంటే 180 రోజులు, ఉద్యోగం లేకుండా గడిచి ఉండాలి. పైచదువులో చేరిన వారికి, అప్రెంటిసుగా జీతం తీసుకునే వారికి ఇవ్వరు. తనకు ఉద్యోగం రాలేదని, పైచదువులో చేరలేదని అభ్యర్థి తానే ధ్రువీకరణ ఇస్తూ ఉండాలి. అబద్ధం చెప్తే ఆధారు నంబరే పట్టిస్తుంది. కాలేజీలో చేరినప్పుడు ఇచ్చిందీ అదే నంబరు, భృతికి ఇచ్చిందీ అదే నంబరు.

అటువైపు ఇళ్లలో కొందరు తల్లిదండ్రులకు ఇదో ధర్మసంకటమైంది. ఆడపిల్ల బి.ఎస్‌సి. మంచి మార్కులతో పాసైంది. ఎం.ఎస్‌సి.కి పంపితే ఫీజు, హాస్టలు ఖర్చు. ఇంట్లో ఉంచితే నెలకు మూడు వేలు వస్తాయి. చదువు మాన్పించడానికి సాకు వెతికే ఇంట్లో ఈ మూడు వేలే ఒక సాకు అవుతున్నదేమోనని ఈ విలేఖరికి అనుమానం. అందరి ఇళ్లలో ఇలా జరుగుతున్నదని కాదు. కాని పథకం రాసిన వారు ఈ కోణం కూడా చూసి ఉంటే బాగుండేది.

తమిళనాడులో తక్కువే, కాని...

తమిళనాడులో భృతి చాలా కాలంగా ఉన్నది. మొత్తం చూస్తే నవ్వొస్తుంది. పదో తరగతి తప్పిన వారికి నెలకు 200, పాసైన వారికి 300, ప్లస్ టూ వారికి 400, డిగ్రీ వారికి 600. మూడు నెలలకొకసారి బ్యాంకులో వేస్తారు. మూడేళ్లు ఇస్తారు. ఉపాధి కల్పనా కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని అయిదేళ్లు నిండి ఉండాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు దాటరాదు. (అటు కర్ణాటకలో రెండేళ్ల భృతి, ఇటు తమిళనాట ఆదాయానికి గీసిన గీత ఒకే అంకె కావడం విచిత్రం.) వయసు పరిమితి సాధారణంగా 40, ఎస్సీ, ఎస్టీలకు 45. ఇంజనీరింగు, వైద్యం, న్యాయశాస్త్రం వంటి వృత్తి డిగ్రీలు చదివిన వారికి ఇవ్వరు.

ఇందులో ఒక్క నిబంధన మాత్రం మన వాళ్ళు చదివి తెలుసుకోదగినది. రోజూ బడికో కాలేజీకో పోయి చదివే వాళ్ళు అర్హులు కారు అంటూనే, దూరవిద్య ద్వారా చదువుకునే వారు దరఖాస్తు పెట్టుకోవచ్చని అక్కడ స్పష్టంగా రాశారు. ప్లస్ టూ పాసై, పేరు నమోదుకు అయిదేళ్లు నిండిన కృష్ణగిరి జిల్లా యువకుడు ఇంటి దగ్గరి నుంచే బి.ఎ. కడుతూ నెలకు 400 లెక్కన మూడు నెలలకు 1,200 తీసుకోగలడు. పరీక్ష ఫీజుకు, పుస్తకాలకు, సెంటరుకు పోయే బస్సు ఛార్జీకి ఆ డబ్బు సరిపోతే సరిపోతుంది. చదువును, పని వెతుక్కోవడాన్ని పక్కపక్కన ఉండనిచ్చిన నియమం ఈ మూడు రాష్ట్రాల్లో ఈ విలేఖరికి తెలిసి ఇదొక్కటే. డబ్బు తక్కువే, కాని బుద్ధి ఉన్న నియమం.

దూరవిద్య మనకు కొత్తదేం కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పెట్టారు. దానికే తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పని చేసుకుంటూ చదువుకునే వాడి కోసమే ఆ చదువు పుట్టింది. అలాంటి చదువు పుట్టిన గడ్డ మీద ఆ చదువు చదివే వాడికి ఉపకార వేతనమూ లేక, భృతీ లేక పోవడం గమనించదగిన విషయం.

ఇక్కడొక హెచ్చరిక. తమిళనాడులో ఇస్తున్నారు కదా అని అక్కడి బంధువుల చిరునామాతో దరఖాస్తు పెట్టిస్తామని చెప్పే దళారులను నమ్మవద్దు. అక్కడ చదివి, అక్కడే ఉంటున్న వారికే ఆ భృతి. కర్ణాటకలోనూ అంతే. ఆ రాష్ట్రంలో కనీసం ఆరేళ్లు చదివి ఉండాలి.

ఎందుకీ అడ్డం?

చదివేవాడికి భృతి ఎందుకివ్వరు అన్న దానికి ఒక కారణం ఉంది. రేపు పని చూపిస్తే రేపే వచ్చి చేయగలవాడికే నిరుద్యోగ భృతి అన్నది దాని మూల సూత్రం. తరగతిలో కూర్చునే వాడు పనికి సిద్ధంగా లేడని లెక్క. ఇది మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో 1935 నాటి సామాజిక భద్రతా చట్టంతో మొదలైన నిరుద్యోగ బీమాలోనూ ఇదే సూత్రం. అక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం ఉన్నా, పూర్తి కాలం చదివేవాడు తన చదువు పనికి అడ్డు రాదని చూపించుకోవలసి వస్తుంది.

అయితే అక్కడ ఆ డబ్బు యజమాని కట్టిన బీమా పన్ను నుంచి వస్తుంది. ముందు పనిచేసి, తన తప్పు లేకుండా పని పోయిన వాడికి ఇస్తారు. మన దగ్గర దానికి కాస్త దగ్గరగా ఉన్నది ఇ.ఎస్.ఐ. వారిది. అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన పేరుతో 2018 జూలై 1 నుంచి అమలులోకి తెచ్చారు. ఇ.ఎస్.ఐ.లో ఉన్న కార్మికుడి పని పోతే మొత్తం సర్వీసులో 90 రోజుల వరకు సగటు వేతనంలో నాలుగో వంతు ఇస్తామన్నారు. 2020లో కరోనా వచ్చాక దాన్ని సగానికి పెంచారు. మొదట పెట్టిన నియమం ప్రకారం రెండేళ్లు బీమాలో ఉండి ఉండాలి. దుష్ప్రవర్తన మీద తీసేసిన వారికి ఇవ్వరు. బెంగుళూరు, హోసూరు ఫ్యాక్టరీలకు పోయే మన పిల్లల్లో చాలామందికి జీతంలో ఇ.ఎస్.ఐ. కోత పడుతుంది. కోత పడుతోందని తెలుసు గాని, ఆ నంబరు రాసి పెట్టుకున్న వారు తక్కువ. పని మానేసి వచ్చేటప్పుడు జీతం చీటీలు పారేసి వస్తారు. రెండేళ్ల కోత చీటీలు ట్రంకు పెట్టెలో దాచుకోమని ఇంటి పెద్దలు చెప్పాలి.

ఉపాధి పనిలోనూ భృతి రాశారు

మరచిపోయిన భృతి మరొకటుంది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. పని అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతుకు తగ్గకుండా, ఆ పైన సగానికి తగ్గకుండా. పద్దెనిమిదేళ్లు నిండి, ఒళ్లు వంచి పనిచేయడానికి ఒప్పుకున్న ఎవరైనా పని అడగవచ్చు. డిగ్రీ చదువుతున్నావా అని ఆ చట్టం అడగలేదు. వేసవి సెలవుల్లో గడ్డపార పట్టి కాలేజీ ఫీజు సంపాదించుకున్న పిల్లలు ప్రతి పంచాయతీలో ఉన్నారు.

భృతి మాత్రం రాలేదు. కారణం చిన్నది. పని కావాలని అర్జీ ఇచ్చినప్పుడు తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. నోటితో అడిగితే పదిహేను రోజులు ఎప్పటి నుంచి లెక్కించేది? రసీదు అడిగిన వాడిని తగాదాకోరుగా చూడటం మన ఊళ్లలో మామూలే. ఇకముందు ఏ పథకానికైనా సరే, అర్జీ కాగితం ఇచ్చిన చోట తేదీ, సంతకం వేయించుకోకుండా గడప దిగవద్దు.

పట్టా బీరువాలో

చివరిగా సర్టిఫికెట్ల సంగతి. ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు బకాయి రాలేదని, విద్యార్థి కట్టేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమని పట్టుబట్టే కాలేజీల మీద ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. పాసైనా పట్టా చేతిలో లేక భృతికీ, ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టలేని స్థితి ఇది. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం 2016లోనే నోటిఫికేషను ఇచ్చింది. ఆ నోటిఫికేషను ప్రతి ఒకటి జిరాక్సు తీయించుకుని ప్రిన్సిపాలు గదికి పోతే మాట తీరు మారుతుందని ఆ దారిన పోయి వచ్చిన వారు చెప్తున్నారు. మాట మారకపోతే విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపవచ్చు. రిజిస్టరు పోస్టులో పంపి, ఆ రసీదును కూడా దాచుకోవాలి.

సబ్జెక్టులు మిగిలిపోయిన పిల్లలు ముందుగా చేయవలసింది వాటిని కట్టడం. సప్లిమెంటరీ నోటిఫికేషను ఎప్పుడు వస్తుందో కాలేజీ ఆఫీసులో అడిగి ఉంచుకోవాలి. అపరాధ రుసుము లేకుండా ఫీజు కట్టే గడువు కొద్ది రోజులే ఉంటుంది. బెంగుళూరులో పనిలో ఉన్న వాడికి ఆ కబురు గడువు దాటాక చేరడం ప్రతి ఏటా జరుగుతున్నదే.