సొంత దేశం పని ఇవ్వని రన్నర్

యాంగోన్‌లో డ్యూటీ దిగి వింటున్న మనవాళ్ళ కోసం ఎపిసోడ్‌లోని కథ క్లుప్తంగా. ఒట్టో పెల్ట్‌జర్ జర్మన్ రన్నర్. 1926లో బెర్లిన్‌లో ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మిని ఓడించి, 1500 మీటర్లు 3 నిమిషాల 51 సెకన్లలో పరిగెత్తారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు.

మగవాళ్ళను ప్రేమించడం నేరమనే చట్టం కింద నాజీలు ఆయన్ని 1935లో జైల్లో పెట్టారు. 1941 నుంచి మౌట్‌హౌజెన్ శిబిరం. 1945లో ప్రాణాలతో బయటపడ్డారు గానీ, పశ్చిమ జర్మనీలో ఆ చట్టం పోలేదు. కోచ్‌గా నిలదొక్కుకోనివ్వలేదు.

అరవై దగ్గరపడ్డాక ఢిల్లీ చేరి, కుర్రాళ్ళకు పరుగు నేర్పారు, క్లబ్బు పెట్టారు. నన్నడిగితే రికార్డు కంటే ఇదే గొప్ప. గుండెపోటు వచ్చాక 1967లో తిరిగెళ్ళారు. 1970లో, ఒక అథ్లెటిక్స్ పోటీకి వెళ్ళిన రోజే, కన్నుమూశారు.