చారెడేసి కళ్లు... చూపుకి ముప్పు!

'బిడ్డకి కళ్లు చూడండి, చారెడేసి ఉన్నాయి!'

ఊళ్లో ఎవరైనా ఈ మాట అంటే కన్నతల్లికి ఎంత మురిపెమో! ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసేస్తారు. కానీ ఆ కళ్లు రోజురోజుకీ ఇంకా పెద్దవవుతుంటే, వెలుతురు పడగానే పాప గట్టిగా మూసేసుకుంటుంటే, ఏడవకపోయినా నీళ్లు కారుతుంటే... అది అందమూ కాదు, దిష్టీ కాదు. చూపును మింగేసే జబ్బు కావచ్చు. దానిపేరు పుట్టుకతో వచ్చే గ్లకోమా. వాడుకలో నీటికాసులు.

నీటికాసులంటే వయసు మళ్లినవాళ్ల జబ్బేనని చాలామంది అనుకుంటారు. పాలుతాగే పిల్లలకీ వస్తుంది. అయితే చాలా అరుదు. పాశ్చాత్య దేశాల్లో సుమారు పదివేల మంది శిశువుల్లో ఒకరికి కనిపిస్తుంది. మరి మన దగ్గరో? హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 1998లో ప్రచురించిన అంచనా ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి 3,300 జననాలకు ఒకటి!

తూము పూడిపోతే...
కంటిలోపల ఎప్పుడూ ఓ పల్చటి ద్రవం ఊరుతుంటుంది. ఇది కన్నీరు కాదు. నల్లగుడ్డు అంచు దగ్గరుండే జల్లెడలాంటి కణజాలం గుండా ఎప్పటికప్పుడు బయటికి పోతుంటుంది. ఈ పిల్లల్లో తల్లికడుపులోనే ఆ జల్లెడ సరిగా తయారుకాదు. తూము పూడిపోయిన చెరువులో కట్టమీద ఒత్తిడి పెరిగినట్టే కంట్లోనూ ఒత్తిడి పెరుగుతుంది. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరాన్ని అది కొంచెం కొంచెంగా చంపేస్తుంది. అలా పోయిన చూపు మళ్లీ రాదు.

పెద్దవాళ్ల కన్ను గట్టిది, సాగదు. మూడేళ్లలోపు పిల్లలది మెత్తన. ఒత్తిడికి బెలూన్‌లా సాగుతుంది. నవజాత శిశువు నల్లగుడ్డు సుమారు పది మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఏడాదిలోపు పన్నెండు దాటిందంటే అనుమానించాల్సిందే. దానిమీద తెల్లటి మసక కనిపిస్తే ఇక ఒక్కరోజూ ఆగకూడదు.

కన్నీటి నాళం మూసుకున్నా పసిపిల్లల కంట నీరు కారుతుంది. దానికి మర్దన చాలంటారు. కానీ వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు పెరగడం అందులో ఉండవు. తేడా తేల్చాల్సింది కంటి డాక్టరే... మందుల షాపు కాదు. అడగ్గానే ఇచ్చే చుక్కల్లో స్టిరాయిడ్ ఉంటే, అదే కొందరు పిల్లల్లో నీటికాసులు తెచ్చిపెడుతుంది!

మేనరికం మాటేమిటి?
ఈ జబ్బుకు కారణమయ్యే ప్రధాన జన్యువు 'సీవైపీ1బీ1'. దాని పాత్రను 1997లో గుర్తించారు. ఇందులోని లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే బిడ్డకు జబ్బు. ఆ ఇద్దరి చూపూ మామూలుగానే ఉంటుంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. రక్తసంబంధీకులు పెళ్లాడితే ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. మేనమామకో బావకో పిల్లనివ్వడం వెంకటగిరికోట నుంచి కర్నూలు దాకా రాయలసీమలో పాత అలవాటే. అలాగని జబ్బు బిడ్డ పుడితే తల్లినో, ఆ వంశాన్నో తిట్టిపోయడంలో అర్థంలేదు. మేనరికం లేని ఇళ్లలోనూ ఇది వస్తుంది.

కత్తి తప్పదు
పెద్దవాళ్లలో చుక్కల మందుతో మొదలుపెడతారు. పసివాళ్లలో అసలు చికిత్స ఆపరేషనే. చుక్కలు దానికి తోడు మాత్రమే. పెద్దలకు రాసే బ్రిమోనిడిన్ చుక్కలు రెండేళ్లలోపు పిల్లలకు వేస్తే మత్తు కమ్మి ఊపిరి మందగించవచ్చు. తాతయ్య సీసా మనవడికి పనికిరాదన్నమాట!

మన దగ్గర చాలామంది పిల్లలు నల్లగుడ్డు మసకబారాకే ఆసుపత్రికి చేరతారు. అందుకే ద్రవం పోయేందుకు ఒకేసారి రెండు దారులు చేసే ఆపరేషన్ ఇక్కడ ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. ఎల్.వి.ప్రసాద్ సంస్థకు చెందిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్ ఇందులో పేరుపొందారు. ఆయన 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు.

'అయిపోయింది కదా' అనుకుంటే...
అసలు కష్టం ఆపరేషన్ తర్వాతే. పసిబిడ్డ కదలకుండా కన్ను చూపించదు. మత్తిచ్చి ఒత్తిడి కొలవాలి. నెలలు గడిచాక మళ్లీ కొలవాలి. కొందరికి రెండో ఆపరేషనూ తప్పదు. ఒత్తిడి తగ్గినా చూపు దానంతటదే రాదు. అద్దాలు పెట్టాలి. బాగున్న కంటికి రోజూ కాసేపు పట్టీ వేసి, బద్ధకించిన కంటికి పని చెప్పాలి. ఇదంతా ఏళ్ల తరబడి సాగుతుంది. గ్లకోమా మళ్లీ ఎప్పుడైనా తల ఎత్తవచ్చు కాబట్టి పరీక్షలు జీవితాంతం.

అటు కర్ణాటక, ఇటు తమిళనాడు సరిహద్దులకు దగ్గరున్న వెంకటగిరికోట వాళ్లు బెంగళూరు వెళ్లినా, తిరుపతి వెళ్లినా ఒక రోజు కూలి పోయినట్టే. బిడ్డ ఆడుకుంటోంది కదా అని తర్వాతి పరీక్షకు ఎగ్గొట్టేది అందుకే. ఆ గ్యాప్‌లోనే ఒత్తిడి చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది.

మరికొన్ని అరుదైన లోపాల్లోనూ గ్లకోమా పొంచి ఉంటుంది. నల్లగుడ్డు వెనకుండే రంగుపొర లేకుండా పుట్టడం ఎనిరిడియా. వీళ్లకి గ్లకోమా బడికెళ్లే వయసులో కూడా రావచ్చు. ముఖం మీద, ముఖ్యంగా పైరెప్ప మీద పుట్టుకతో ఎర్రటి మచ్చ ఉన్నా కంటి ఒత్తిడి చూపించాలి. పుట్టుమచ్చేలే అని వదిలేయకూడదు.

ఇంట్లో ఒకరికి ఈ జబ్బుంటే తర్వాత పుట్టిన తమ్ముణ్నో చెల్లెల్నో లక్షణాల కోసం ఎదురుచూడకుండా పుట్టిన కొద్దిరోజుల్లోనే కంటి డాక్టర్‌కు చూపించాలి. డాక్టర్ ఇచ్చిన చీటీలన్నీ ఒకే ఫైల్లో పెట్టాలి. తర్వాతి పరీక్ష తేదీని గోడమీది క్యాలెండర్లో పండగలాగే గుర్తుపెట్టుకోవాలి. వేళకు చికిత్స అందిన పిల్లల్లో చాలామంది అద్దాలు పెట్టుకుని అందరితోపాటే బడికి వెళ్తున్నారు. ఆలస్యమైనవాళ్లకే అక్షరాలు చేతివేళ్లతో తడిమి నేర్చుకోవాల్సి వస్తుంది.