రంగుల పొందిక

ధర్మపురి పట్టణానికి సుమారు 46 కిలోమీటర్ల దూరంలో కావేరి నది బండల నడుమ పాయలుగా చీలి కిందికి దూకుతుంది. ఆ చోటికి హొగెనక్కల్ అని పేరు. కన్నడంలో ‘హొగె’ అంటే పొగ, ‘కల్’ అంటే రాయి. బండల మీద పడి పైకి లేచే నీటి తుంపర పొగవలె కనిపిస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. ‘హొగె’ తెలుగు ‘పొగ’కు తోబుట్టువే.

ఒక విద్యార్థిని ఈ జలపాతం ఫోటోను ఎదుట పెట్టుకొని, పాఠశాల వార్షికోత్సవ ఆహ్వానపత్రికకు రంగులు ఎంచుతున్నది అనుకుందాం. ఫోటోలో ఏయే రంగులున్నాయని అడిగితే ఆమె వెంటనే చెప్పే జవాబు ఇది: అడవి ఆకుపచ్చ, ఆకాశం నీలం, పుట్టిలో కూర్చున్న స్త్రీ కట్టిన చీర ఎరుపు. ఈ మూడు రంగులనూ అట్ట మీద సమానంగా పులిమితే జలపాతం అందం రాదు; తిరునాళ్ళలో బొమ్మల అంగడి వలె ఉంటుంది. మూడూ ఫోటోలోని రంగులే. మరి పొరపాటు ఎక్కడ జరిగింది?

కంటికి గుర్తుండేది ఒకటి, చిత్రంలో ఉన్నది మరొకటి. ఫోటో మీద అడ్డంగా పది, నిలువుగా పది గళ్ళు వచ్చేటట్లు పెన్సిలుతో గీతలు గీసి, ఒక్కొక్క గడిలో ఎక్కువగా ఉన్న రంగు పేరును వేరే కాగితం మీద రాసుకుంటే సంగతి తేలుతుంది. నూరు గళ్ళలో సగానికి పైగా బండల బూడిదవన్నె, మట్టినీటి గోధుమవన్నె, నురుగు తెలుపు ఆక్రమించి ఉండవచ్చు. అడవి పచ్చ పాతిక గళ్ళకు మించకపోవచ్చు. ఎర్రచీర ఒక్క గడి కూడా నిండదు. చుట్టూ బూడిదవన్నె పరచుకొని ఉండటం వల్లనే ఆ చిన్న ఎరుపు అంతగా వెలిగింది. ఊరి పేరులోని పొగయే ఈ చిత్రానికి అసలు రంగు.

కంప్యూటరు కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. దానికి చిత్రమంటే లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నవో 0 నుండి 255 వరకు మూడు సంఖ్యలతో గుర్తిస్తుంది. ఈ లెక్కన 1,67,77,216 రంగులు ఏర్పడతాయి. సంఖ్యలు దగ్గరగా ఉన్న చుక్కలను గుంపులుగా చేర్చి, ప్రతి గుంపు నుండి ఒక సరాసరి రంగును తీస్తుంది. రంగులను పెట్టెలో పెట్టినట్లు భావించి, ఆ పెట్టెను రెండుగా, మళ్ళీ రెండుగా కోసుకుంటూ పోయే పద్ధతిని పాల్ హెక్‌బర్ట్ 1982లో ప్రచురించాడు. అయితే యంత్రానికి తలల లెక్కే ముఖ్యం. ఎర్రచీర చుక్కలు కొద్ది కనుక వాటిని పక్కనున్న గోధుమ గుంపులో కలిపివేయవచ్చు. అప్పుడు వచ్చే సరాసరి రంగు ఫోటోలో ఎక్కడా ఉండకపోవచ్చు! జారిపోయిన ఆ ఎరుపును తిరిగి పట్టుకోవలసినది మనిషి కన్నే.

ఏ రంగు ఎంత ఉండాలన్నది చీరలు నేసేవారికి కొత్త విషయం కాదు. చీర ఒంటికి ఒక రంగు, అంచుకు మరొకటి, అంచులో సన్నని గీతకు ఇంకొకటి. ఈ మూడింటి కొలతలు తారుమారైతే అవే రంగులు వెగటు పుట్టిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో హిందూపురం దగ్గరనున్న లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలున్నాయి. వాటిలోని స్త్రీల చీరలు రకరకాల చారలతో, అల్లికలతో కనిపిస్తాయి. కాని చిత్రకారులు వాడిన రంగులు కొద్ది: కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. నీలం దాదాపు కనబడదు. కొద్ది రంగులే మాటిమాటికి కలుసుకోవడం వల్ల ఎంత పెద్ద చిత్రమైనా ఒకే చేతి పనిగా తోస్తుంది. లేపాక్షి నగిషీలను చీర అంచులకు తీసుకోవడం నేటికీ ఉన్నది.

కొలత కుదిరినా ఇరుగుపొరుగు కుదరాలి. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో రంగుల విభాగానికి 1824లో మిషెల్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అధిపతి అయ్యాడు. అక్కడి నల్లరంగు వెలవెలబోతున్నదని ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి చూడగా అద్దకంలో లోపమేమీ కనబడలేదు. నలుపు పక్కన నేసిన నీలం, ఊదా దారాలే దానిని పలచగా కనిపింపజేస్తున్నాయని తెలుసుకున్నాడు. 1839లో ఈ విషయం మీద పెద్ద గ్రంథమే ప్రకటించాడు.

ధర్మపురి పట్టుగూళ్ళ మార్కెట్టుకు పసుపు గూళ్ళు, తెల్లగూళ్ళు రెండూ వస్తాయి. దారం తీసి, ఉడికించి, బంక పోగొట్టిన తరువాతనే రంగు అద్దుతారు. కిలో పట్టు వెల వేల రూపాయలలో ఉంటుంది. తొట్టిలో ముంచిన దారానికి మునుపటి తెలుపు మళ్ళీ రాదు. కనుక ముందుగా ఒక అట్టముక్క మీద రంగుదారాలను చీరలో ఉండబోయే కొలతల ప్రకారమే పక్కపక్కన చుట్టి, పగటి వెలుతురులో చూడటం మంచిది. కండెలో ముచ్చటగా ఉన్న రంగు పొరుగు దారం పక్కన మాసినట్లు కనబడితే, నష్టం ఆ అట్టముక్కతోనే ఆగుతుంది.

ఆహ్వానపత్రికకు దారాలు అక్కరలేదు, రంగుకాగితపు ముక్కలు చాలు. విద్యార్థిని ఈసారి కాగితమంతా లేత బూడిదవన్నె ఉంచి, అక్షరాలకు అడవి ముదురుపచ్చ, అడుగున ఒక సన్నని ఎర్రగీత పెట్టింది. ఇంకొక్క పరీక్ష మిగిలింది. ఆ నమూనాను నలుపు తెలుపు జిరాక్సు తీయించాలి. అక్షరాలు నేలలో కలిసిపోతే, రంగులు వేరైనా వాటి వెలుగు ఒకటేనన్నమాట. అప్పుడు పచ్చను ఇంకొంచెం ముదురు చేయాలి; ముందు వరుసలో కూర్చునే తాతగారు కళ్ళద్దాలు మరచి వచ్చినా కార్యక్రమం వేళ చదువుకోగలగాలి కదా!