వరదకు ఎదురీదు చేప



వరద వచ్చినపుడు చెట్లు, చెత్త, కొట్టములు, పశువులు నీటివెంట కొట్టుకొనిపోవును. ఆ నీటికే ఎదురుగా ప్రయాణము సాగించు ప్రాణి యొకటి గలదు. అది చేప. మన ఎర్రగుంట్ల ప్రాంతమున చెరువు నిండి అలుగు పారినపుడు పిల్లలు గంపలు పట్టుకొని అలుగు క్రిందికి పరుగెత్తుట మీరెరిగినదే. అచట చేపలు ఎదురెక్కుచుండును. అవి ఏల ఎదురెక్కును? అట్టి సమయమున వానిని పట్టుట తగునా? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేడు నాకు తెలిసినంత విన్నవించెదను. నేను శాకాహారిని, వ్యాకరణము చెప్పి జీవించినవాడను. చేప రుచి నాకు తెలియదు గాని, దాని నడత తెలిసికొనదగినదని తోచినది.

ఈ ఎదురీతకు మన దేశమున ప్రసిద్ధమైన ఉదాహరణము గోదావరి పులస. సముద్రమున నున్నంతకాలము దానిని విలస యందురు. ఆషాఢ శ్రావణములలో గోదావరి ఎర్రనీటితో పొంగినపుడు అది నదీముఖమున ప్రవేశించి, ప్రవాహమునకు ఎదురీది పులస యగును. వంగదేశమున దీనినే ఇలిశ్ అనియు, సింధుదేశమున పల్లా అనియు పిలుతురు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత గోదావరి వాసులది. నేడు ఒక్క పెద్ద చేప వేలకొలది రూపాయలు పలుకుచున్నది.

ఉప్పునీట బ్రతుకు చేప తీపినీటికి వచ్చుట గ్రుడ్లు పెట్టుటకే. దాని గ్రుడ్లు ఉప్పునీట నిలువవు. వరద వచ్చినపుడు నదీముఖమున ఉప్పదనము తగ్గును, లోతు పెరుగును, దారి తెరచుకొనును. ఆ మార్పే చేపకు పిలుపు. గ్రుడ్లు సుమారొక దినమున పొదుగును. పిల్లలు కొన్ని నెలలు నదిలో పెరిగి సముద్రమునకు దిగును.

పడమటి దేశములలో సాల్మన్ అను చేపకును ఇట్టి నడతయే. అది తాను పుట్టిన యేటిని నీటి వాసనచే గుర్తించి, జలపాతములను సయితము ఎగిరి దాటును. పసిఫిక్ సముద్రపు సాల్మన్ జాతులు గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. పులస అట్లు గాక తిరిగి సముద్రము చేరగలదు. కాని దానికి సాల్మన్ వలె ఎగురుట చేతకాదు. అడ్డుగోడ యెదురైనచో అచటనే నిలిచిపోవును.

ఆ గోడ 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమున లేచినది. సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన ఆ ఆనకట్ట లక్షలమందికి అన్నము పెట్టినది. దానిని నిందించుట కృతఘ్నత. ఐనను ప్రతి మేలునకు ఒక మూల్యము గలదు. నదుల ఆనకట్టలు ఎదురెక్కు చేపల కడ్డమగుచున్నవని ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు 1873 లోనే ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో తెలిపెను. తరువాత 1975 లో ఫరక్కా ఆనకట్ట వచ్చిన పిమ్మట, అంతకుముందు ప్రయాగవరకు పోయిన ఇలిశ్ చేప గంగ పైభాగమున దాదాపు కనబడకుండ పోయినది.

ధవళేశ్వరము దిగువన బెస్తవారు పడవపైనుండి వల విడిచి, ప్రవాహముతో జారుచు పులసను పట్టుదురు. ఎదురుగా వచ్చు చేప వలకన్నులలో మొప్పలవద్ద చిక్కుకొనును. చిక్కిన ఆడచేపలు పెక్కు గ్రుడ్లు మోయుచున్నవే. ఒక్క పెద్ద చేప కడుపున లక్షలకొలది గ్రుడ్లుండును. వానిలో మిక్కిలి కొలదియే పెరిగి పెద్దవగును. తల్లినే పట్టినచో ఆ కొలదియు లేదు. సముద్రమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలిపెదరు గాని, పులస యెదురెక్కుట ఆ గడువు ముగిసిన తరువాతనే. బంగ్లాదేశమున మాత్రము గ్రుడ్లు పెట్టు అక్టోబరు మాసమున 22 దినములు ఈ చేప వేటను నిషేధించుచున్నారు.

ఇక మన సంగతి. మన పెన్నలో పులస లేదు. మైలవరము, గండికోట జలాశయములలోను మన చెరువులలోను పెరుగు బొచ్చె, శీలావతి సముద్రమెరుగవు. కాని వానికిని క్రొత్తనీటి పారుదల కావలెను. నిలుకడనీట అవి సాధారణముగ గ్రుడ్లు పెట్టవు. అందుచేతనే 1957 లో కటకమున హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు చేప మెదడు క్రింది గ్రంథి రసమును ఎక్కించి చెరువుచేపలచే గ్రుడ్లు పెట్టించెను. నేడు మన చెరువులలో విడుచు చేపపిల్లలు చాలవరకు ఆ విద్యా ఫలమే.

విత్తు కొని తెచ్చుకొనగలిగినపుడు వంకలోని తల్లిచేపను ఏల కాపాడవలెనని కొందరందురు. కొనుట కొన్ని జాతులకే సాధ్యము. జెల్లను, పరిగెను, మన వంకలలోని తక్కిన చిన్నచేపలను తెచ్చి విడుచువారు లేరు. బీదవాని కూటికి దొరకునవి అవియే.

కావున వేట మానుమని నేను చెప్పను. అది కొందరి జీవనము. నా మనవి మూడు మాటలు. క్రొత్తనీరు వచ్చిన తొలి రెండు మూడు దినములు అలుగు క్రింద వల వేయనీయకుడు. తరువాతనైనను వంకను ఈ గట్టునుండి ఆ గట్టువరకు సన్నవలతో మూయక, సగము దారి విడిపింపుడు. విషముతోను, ప్రేలుడు మందుతోను చేపలు పట్టుటను 1897 నాటి చట్టమే నిషేధించినది గావున దానిని ఊర సాగనీయకుడు. ఇందుకు ధనమక్కరలేదు. చావడికడ మీరు చెప్పు ఒక్క మాట చాలును. విత్తనపుగింజ దంచుకొని తిను రైతు మన సీమలో లేడు. కరవున పస్తుండియైనను విత్తనము దాచినవారి సంతతి మనము. ఆ న్యాయమే నీటికిని వర్తింపజేయుడు.