మోటారు సైకిలు సామర్థ్య వివరాలు

మోటారు సైకిలు సామర్థ్య వివరాలు అనగా ఒక వాహనం యొక్క ఇంజను పరిమాణం, శక్తి, టార్కు, బరువు, ఇంధన వినియోగం మొదలైనవాటిని తెలిపే సంఖ్యలు. ఒకే వాహనానికి వేర్వేరు చోట్ల వేర్వేరు సంఖ్యలు కనబడటం సామాన్యం. ఇందుకు కారణం తరచుగా అబద్ధం కాదు, కొలమానాల భేదం.

శక్తి, టార్కు

ఇంజను పరిమాణం సిలిండరు వ్యాసాన్ని, పిస్టను కదిలే దూరాన్ని బట్టి ఏర్పడుతుంది. పల్లెల్లో విరివిగా కనిపించే హీరో స్ప్లెండర్ ప్లస్‌లో ఇవి వరుసగా 50, 49.5 మిల్లీమీటర్లు. స్తూపం ఘనపరిమాణ సూత్రంతో లెక్కిస్తే 97.2 ఘన సెంటీమీటర్లు వస్తుంది. పదవ తరగతి విద్యార్థి కూడా దీనిని సరిచూడవచ్చును.

ఈ వాహనపు బి.ఎస్.-6 నమూనాకు తయారీదారు ప్రకటించిన గరిష్ఠ శక్తి నిమిషానికి 8,000 భ్రమణాల వద్ద 5.9 కిలోవాట్లు, గరిష్ఠ టార్కు 6,000 భ్రమణాల వద్ద 8.05 న్యూటన్ మీటర్లు. ఇదే శక్తిని కొందరు 7.91 అశ్వశక్తి అనీ, కొందరు 8.02 అనీ వ్రాస్తారు. బ్రిటిషు అశ్వశక్తి 745.7 వాట్లు, మెట్రిక్ అశ్వశక్తి 735.5 వాట్లు కావడమే ఈ తేడాకు మూలం. కిలోవాట్లలో పోల్చుకుంటే చిక్కు ఉండదు.

టార్కును భ్రమణాల సంఖ్యతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లలో శక్తి వస్తుంది. దీని ప్రకారం 6,000 భ్రమణాల వద్ద శక్తి సుమారు 5.06 కిలోవాట్లు మాత్రమే. అనగా రెండు గరిష్ఠ విలువలు ఒకేసారి లభించవు. ప్రకటనలు ఈ సంగతి చెప్పవు.

పరీక్షా పరిస్థితులు

ఇంజను శక్తిని 25 డిగ్రీల సెల్సియస్, 99 కిలోపాస్కళ్ల పొడిగాలి పీడనానికి సరిచేసి ప్రకటిస్తారు. వైఎస్ఆర్ కడప జిల్లా వేముల మండలంలో, యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె వంటి చోట వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి పలుచన కనుక 42 డిగ్రీల వద్ద, పీడనం మారలేదనుకుంటే, శక్తి సుమారు 3 శాతం తగ్గుతుంది. వాహనంలో లోపం ఉన్నట్లు కాదు.

మైలేజీ విషయంలో వ్యత్యాసం ఇంతకంటే ఎక్కువ. ధ్రువీకరణ పరీక్ష ప్రయోగశాలలో రోలర్లపై, నిర్ణీత వేగక్రమంలో జరుగుతుంది. గడ్డిమోపు, ఎదురుగాలి, వెనుక కూర్చున్నవారు అందులో ఉండరు. నెలవారీ పెట్రోలు ఖర్చును ప్రకటనలోని మైలేజీతో లెక్కగట్టి వాయిదాలకు ఒప్పుకొనేవారు మోసపోయేది ఇక్కడే. ట్యాంకు నిండుగా పోయించి, మరల నింపేవరకు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం ఉత్తమం. ఒక్కసారి చాలదు, నాలుగైదుసార్లు చేయాలి.

నమ్మదగిన ఆధారాలు

భారతదేశంలో కొత్త నమూనాలను కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 126వ నియమం క్రింద గుర్తింపు పొందిన సంస్థలు పరీక్షిస్తాయి. 1966లో పూణేలో ఏర్పడిన ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వీటిలో ఒకటి. కొనుగోలుదారు చేతికి వచ్చే పత్రాలలో తయారీదారు ముద్రించిన వినియోగదారు పుస్తకం ముఖ్యమైనది. రిజిస్ట్రేషను పత్రంలో ఇంజను ఘనపరిమాణం, ఖాళీ బరువు ఉంటాయి. తయారీదారు ఇచ్చే ఫారం 22 కాలుష్య, భద్రతా ప్రమాణాలకు సంబంధించినది. గరిష్ఠ వేగం కోసం దానిని వెదకనక్కరలేదు. పాత వాహనం కొనేవారు అదే సంవత్సరపు పుస్తకాన్ని చూడాలి. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.-6 అమలులోకి రావడంతో అదే పేరు గల వాహనాలకు సైతం శక్తి, బరువు మారినవి.