ఇసుక మేటల తొలగింపు - ట్రాక్టరు క్లచ్చు సంరక్షణ

చలిదేశములలో శీతకాలమున రాత్రికి రాత్రి మంచు కురిసి దారులు మూసుకొనిపోవును. తెల్లవారగనే ట్రాక్టర్లకు బ్లేడు తగిలించి, ఆ మంచును ప్రక్కకు నెట్టి, రాకపోకలకు వీలు కల్పించుట అచ్చటి గ్రామములలో పరిపాటి. మన నెల్లూరు తీరమున మంచు కురియదు. కాని తుపాను వెలిసిన మరునాడు మన దారులకు పట్టు గతియు అట్టిదే. 1927, 1984, 1989 సంవత్సరముల నవంబరు తుపానులను ఈ జిల్లా చూచినది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద పడుగుపాడు వద్ద రైలుమార్గమును కోసివేసినది. నది పొడవునను పొలములలో ఇసుక మేటలు వేసినది. సముద్రపుటొడ్డు పల్లెలలో గాలియు, ఉప్పెనయు తెచ్చిన ఇసుక దారులపై దిబ్బలు కట్టును.

అట్టి సమయమున పెద్ద యంత్రములు పట్టణములను, రహదారులను చక్కబెట్టిన పిమ్మట గాని పల్లెకు రావు. అంతవరకు ఊరికి ఆధారము ఊరి ట్రాక్టరే. త్రాగునీటి ట్యాంకరు గాని, రోగిని తీసికొనిపోవు వాహనము గాని ఊరు చేరుట ఆ ట్రాక్టరు దారి తీయుటపై ఆధారపడియుండును. అది పని నడుమ క్లచ్చు కాలి నిలిచిపోయినచో, యజమానికి కలుగు నష్టము అటుండగా, ఊరే చిక్కుపడును. కావున క్లచ్చు సంగతి డ్రైవరునకు మాత్రమే కాక, అతనిచే పని చేయించు పంచాయతీ సభ్యులకును తెలిసియుండుట అవసరము.

క్లచ్చు చేయు పని

ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ క్లచ్చు ఉండును. ఇంజనుతో పాటు తిరుగు బరువైన చక్రమునకు ఒక పళ్లెము ఆనియుండును. ఆ పళ్లెమునకు ఇరువైపుల కొలది మిల్లీమీటర్ల మందముగల రాపిడి పొర అతికింపబడియుండును. బలమైన స్ప్రింగులు పళ్లెమును చక్రమునకు అదిమిపట్టుటచే రెండును కలిసి తిరిగి, ఇంజను బలము వెనుక చక్రములకు అందును. పెడలు త్రొక్కినప్పుడు ఆ పట్టు వీడును. వదలినప్పుడు మరల పట్టుకొనును.

పూర్తిగా పట్టియున్నప్పుడు రాపిడి లేదు. పూర్తిగా వీడియున్నప్పుడును రాపిడి లేదు. అరుగుదల అంతయు ఈ రెంటి నడుమ, పెడలు సగము త్రొక్కియుంచినప్పుడే జరుగును. ఒకవైపు ఇంజను నిమిషమునకు వేయికి పైగా చుట్లు తిరుగుచుండ, రెండవవైపు పళ్లెము బరువుచే కదలక నిలిచియుండును. ఆ ఒరిపిడిలో పుట్టిన వేడి కొలది సేపటిలోనే పొరను మాడ్చివేయగలదు. ఏండ్ల తరబడి మన్నవలసిన క్లచ్చు ఒక్క పూట మొరటు పనితో చెడిపోవుట ఇట్లే.

ఇసుక బరువు

క్రొత్తగా కురిసిన మంచు ఒక ఘనమీటరు సుమారు 100 కిలోలు తూగును. పొడి ఇసుక సుమారు 1600 కిలోలు, తడిసిన ఇసుక 1900 కిలోల వరకును తూగును. చూపునకు మోకాలి ఎత్తు మేట సామాన్యముగనే తోచును. "ఇంకా కిందికి దించు అబ్బాయీ, ఒక్క దెబ్బకు పోవాల!" అని గట్టున నిలిచినవారు కేకలు వేయుట మనమెరిగినదే. ఆ మాట విని డ్రైవరు బ్లేడును లోతుగా దించి, ఇంజను వేగము హెచ్చించి, అరక్లచ్చుపై ఇసుకను పెనుగులాడుచు నెట్టును. పని వేగిరపడినట్లు కనబడును. నిజమునకు క్లచ్చు కరిగిపోవుచుండును.

మేటను తీయు విధము

మొదట నేలను పరీక్షింపవలెను. విద్యుత్తు సరఫరా నిలిపివేసినట్లు సిబ్బంది ధ్రువపరచిన పిమ్మటనే పనికి దిగవలెను. ఇసుక క్రింద తెగిన తీగెలు, విరిగిన స్తంభములు, సరుగుడు మొద్దులు, కల్వర్టు అంచులు దాగియుండవచ్చును. కర్రతో పొడిచి చూచి, అడ్డంకులున్నచోట గుర్తులు నాటవలెను.

బండి కదలునప్పుడు బ్లేడు పైకి ఎత్తియుండవలెను. తక్కువ గేరు వేసి, ఇంజను వేగము తగ్గించి, పెడలును మెల్లగా, కాని తాత్సారము లేకుండ పూర్తిగా వదలి, పాదమును తీసి ప్రక్కన ఉంచవలెను. బండి కదలిన తరువాతనే వేగము పెంచి, బ్లేడును కొంచెము కొంచెముగా దించవలెను. బరువుతో బయలుదేరరాదు, బయలుదేరి బరువు నెత్తుకొనవలెను.

మేటను ఒక్కసారిగా గాక, బెత్తెడు బెత్తెడు పొరలుగా తీయవలెను. ఇంజను ధ్వని క్రుంగినచో బరువు హెచ్చినదని అర్థము. అప్పుడు కాలు పెడలుపైకి పోరాదు; చేయి హైడ్రాలిక్ లీవరుపైకి పోవలెను. బ్లేడును కొంచెము పైకి ఎత్తినచో ఇంజను మరల తేరుకొనును. బరువు పెరిగినప్పుడు బదులు చెప్పవలసినది చేయి గాని కాలు గాదు. ఈ వ్యాసమున జ్ఞాపకముంచుకొనదగిన మాట ఇదియొక్కటే యన్నను తప్పులేదు.

బ్లేడును ఏటవాలుగా అమర్చినచో ఇసుక దారి వెంట ఒక ప్రక్కకు వరుసగా జారిపడును. దూరముగా సాగు పొడవైన వరుసలతో పని ముగియును. బ్లేడును నిటారుగా ఉంచి ముందుకు వెనుకకు తిరిగినచో, ప్రతి మలుపునకు క్లచ్చు రెండు మారులు పనిచేయవలసివచ్చును. వెనుక గేరు వేయుటకు ముందు బండి పూర్తిగా నిలువవలెను. కాలువగట్టు వాలుపై బండిని నిలుపవలసినప్పుడు బ్రేకు వాడవలెను గాని అరక్లచ్చుపై ఆపియుంచరాదు.

చక్రములు ఇసుకలో దిగబడినచో, క్లచ్చును త్రొక్కుచు వదలుచు బండిని ఊపుట పలువురి అలవాటు. అది మంచిది కాదు. బ్లేడు ఎత్తి, చక్రముల ముందరి ఇసుకను పారతో తీసి, తాటిమట్టలు గాని గోనెసంచులు గాని పరచి, నెమ్మదిగా బయటికి తేవలెను. మేట నడుము ఎత్తు మించినచో, లేదా పెద్ద చెట్లు అడ్డముగా ఉన్నచో, అది ట్రాక్టరు పని గాదు. జేసీబీ వంటి యంత్రము వచ్చువరకు వేచియుండుటయే మేలు.

హెచ్చరికలు

ఇంజను వేగము హెచ్చినను బండి ముందుకు సాగకున్నచో, మాడిన వాసన వచ్చినచో క్లచ్చు జారుచున్నదని గ్రహింపవలెను. వెంటనే పని ఆపి, గేరు తీసి, పెడలు పూర్తిగా వదలి చల్లారనీయవలెను. నీళ్లు పోయరాదు. చల్లారిన పిమ్మటను జారుచున్నచో మెకానిక్కునకు చూపక పని సాగింపరాదు.

పెడలు పైభాగమున కొంత దూరము బరువు లేకుండ కదలవలెను. చాలా ట్రాక్టర్లలో ఇది సుమారు 20 నుండి 30 మిల్లీమీటర్లు. కచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకమున ఉండును. ఈ ఆట లేనిచో క్లచ్చు ఎల్లప్పుడును కొంత వీడియుండి అరుగును. సముద్రపు ఉప్పుగాలికి పెడలు కీళ్లు త్రుప్పుపట్టి, వదలినను పెడలు పూర్తిగా పైకి రాకుండుట మన తీరమున సహజము. కావున కీళ్లకు గ్రీజు పెట్టించి, ఉప్పునీటిలో తిరిగిన బండిని మంచినీటితో కడిగింపవలెను. డ్రైవరు పాదమును పెడలుపై ఆనించియుంచు అలవాటు మానవలెను.

క్లచ్చు పొర వెల కంటె దానిని మార్చు పని పెద్దది. సామాన్యముగా ఇంజనును గేరుపెట్టెను వేరుచేసి, ట్రాక్టరును రెండుగా విడదీయవలసియుండును. తుపాను దినములలో సామానును, మెకానిక్కును దొరకుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

పంచాయతీ చేయదగినది

ఈ జిల్లాలో వర్షములు ముఖ్యముగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురియును. అందుచే సెప్టెంబరు నెలలోనే పంచాయతీ సమావేశమై, గ్రామమందలి ట్రాక్టర్లు, బ్లేడులు, అనుభవముగల డ్రైవర్ల జాబితా సిద్ధపరచుట మంచిది. తీసిన ఇసుకను ఎచ్చట పోయవలెనో ముందే నిర్ణయింపవలెను. మురుగు కాలువలోనికి గాని, పొరుగువాని చేనిలోనికి గాని నెట్టినచో ఒక చిక్కు తీరి మరియొకటి పుట్టును.

కూలిని తీసిన దారి పొడవును బట్టి గాక, గంటల లెక్కన ఒప్పుకొనుట మేలు. పొడవు లెక్క డ్రైవరును తొందరపెట్టును. తొందర క్లచ్చును మాడ్చును. బండిని చల్లార్చు సమయమును గూడ పనిలో చేర్చవలెను. బండి చెడినచో మరమ్మతు ఎవరు భరింపవలెనో ముందే వ్రాసికొన్నచో, కష్టకాలమున ట్రాక్టరు ఇచ్చుటకు యజమాని వెనుదీయడు. పనిచోట ఆజ్ఞ ఇచ్చువాడు ఒక్కడే ఉండవలెను. ఆసక్తిగల యువకులను అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో తర్ఫీదునకు పంపుటకును పంచాయతీ పూనుకొనవచ్చును.

దమ్ము చేయుటలో ఆరితేరిన డ్రైవర్లు మన పల్లెలలో కొదువ లేరు. బురదలో బండిని నడుపు వారి నేర్పు ఇసుకకును అక్కరకు వచ్చును. వారిని తొందరపెట్టక, వారి చేతిపనిని వారికి వదలినచో చాలును. గట్టున నిలిచిన పెద్దలు కేకలు మాని ఓర్పు వహించుటయు ఆ పనిలో భాగమే.