పంటి సిమెంటు - రక్తపు తడి

ఉప్పల్ నుండి వరంగల్లు పోవు రహదారిపై పోచారం సమీపించుసరికి కట్టుచున్న మేడలు కనిపించును. అచ్చట మేస్త్రీ సిమెంటు కలుపుటకు మురికినీరు వాడనీయడు. సిమెంటు ఎండి గట్టిపడునని పలువురు భావింతురు. అది సరికాదు. సిమెంటు నీటితో రసాయనికముగా కలిసి గట్టిపడును. ఆ నీటిలో కల్మషమున్నచో చర్య దెబ్బతినును. పన్ను బాగుచేయుటకు వాడు సిమెంటులకును తడిలోని కల్మషముతో ఇట్టి చిక్కే కలదు. అచ్చటి కల్మషము రక్తము.

దంతవైద్యులు వాడు సిమెంటులలో రెండింటిని పరిశీలింతము. మొదటిది గ్లాస్ అయనోమర్ సిమెంటు. దీనిని లండనులో విల్సన్, కెంట్ అను రసాయన శాస్త్రజ్ఞులు రూపొందించి 1970 దశకపు ఆరంభమున ప్రకటించిరి. కాల్షియము, అల్యూమినియము, ఫ్లోరైడులు గల గాజుపొడిని పాలీఎక్రిలిక్ ఆమ్లముతో కలిపిన ముద్ద యిది. ఈ ఆమ్లము పంటిలోని కాల్షియముతో బంధమేర్పరచుకొనును. పిప్పిని తొలచునపుడు చిగురు గీచుకొని రక్తము చిందినచో, అందలి ప్రోటీనులు పంటిపై పలుచని పొరగా పరచుకొనును. దుమ్ముపట్టిన గోడకు అంటించిన కాగితము దుమ్మునే పట్టుకొని ఊడివచ్చినట్లు, సిమెంటు ఆ పొరనే పట్టుకొనును గాని పంటిని గాదు. సందులో సూక్ష్మజీవులు చేరినచో పన్ను మరల పుచ్చును.

రెండవది మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేటు, అనగా ఎం.టి.ఎ. దీనిని 1993లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయమున టొరాబినెజాద్, అతని సహచరులు పరిచయము చేసిరి. ఇది ఇండ్లకు వాడు పోర్ట్‌లాండు సిమెంటుకు దగ్గరి చుట్టము. ఎక్స్ కిరణముల చిత్రములో స్పష్టముగా కనబడుటకై దీనిలో బిస్మత్ ఆక్సైడు చేర్చుదురు. పంటి వేరునకు చిల్లి పడినను, నరములు, రక్తనాళములు గల లోపలి గుజ్జు బయటపడినను దీనితో మూయుదురు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. అవి రక్తము ఊరు చోట్లే. ఈ సిమెంటుకు తడి కావలెను గాని, ఆ తడి రక్తము కారాదు. ప్రయోగశాలలలో రక్తము కలిసిన నమూనాలు, నీటితో కలిపిన వానికంటె తక్కువ ఒత్తిడికే పగిలినవి. వాని ఉపరితలపు కాఠిన్యము కూడ తగ్గినది. మామూలుగా సూక్ష్మదర్శినిలో కనబడు సూదులవంటి స్ఫటికములు వానిలో లోపించినవి.

కావుననే వైద్యుడు ముందుగా రక్తమును ఆపును. చికిత్స చేయు పన్ను మాత్రమే బయటకు కనబడునట్లు పలుచని రబ్బరు తెర తొడుగును. ఈ పద్ధతిని 1864లో న్యూయార్కు దంతవైద్యుడు బార్నమ్ ప్రవేశపెట్టెను. గుజ్జు బయటపడినచో తడిదూదితో మెల్లగా అదిమి కొన్ని నిముషములు వేచియుండును. అప్పటికిని రక్తము ఆగనిచో, గుజ్జు లోతుగా వాచినదని గ్రహించి, పైపై మూతకు బదులు వేరు చికిత్స తలపెట్టును. రోగికి విసుగు కలిగించు ఈ ఆలస్యము పన్ను నిలుచుటకే.

కల్మషము చేయు కీడును ఉపాధ్యాయులు తరగతిలో చూపవచ్చును. రెండు పాత కప్పులలో సమానముగా పోర్ట్‌లాండు సిమెంటు తీసికొని, ఒకదానిని మంచినీటితోను, రెండవదానిని చిటికెడు పంచదార కరగించిన నీటితోను కలుపవలెను. సిమెంటు చర్మమును ఒరయును గనుక చేతితో తాకక పుల్లతో కలుపవలెను. మరునాడు రెండింటిని మేకుతో గీచి చూచినచో భేదము తెలియును. రక్తము వేరు, పంచదార వేరు అయినను, సిమెంటు గట్టిపడు చర్యకు పరాయి పదార్థము అడ్డుతగులునను సంగతి విద్యార్థులకు కన్నులార కనబడును.